గ్రేహౌండ్ ఉండగా లర్చర్ ఎందుకు?
గ్రేహౌండ్ అంత వేగమైన కుక్క కదా, మరి ఇంగ్లండ్, ఐర్లండ్ వేటగాళ్లు దాన్ని గొర్రెలు కాసే కోలీ జాతి కుక్కతో క్రాస్ చేయించి లర్చర్లనే సంకర కుక్కలను ఎందుకు పెంచుతారని అడిగారు. వేగం ఒక్కటే సరిపోదు కాబట్టి. గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లు దాటి దూసుకెళ్తుంది గానీ ఆ ఊపు కాసేపే, చర్మం మరీ పల్చన, పొలం గట్టున ముళ్లతీగ తగిలిందంటే కాగితంలా చీరిపోయి కుట్లు వేయించాల్సి వస్తుంది, పైగా కుందేలు చటుక్కున పక్కకు తిరిగితే ఇది తన జోరులో ముందుకు వెళ్లిపోతుంది. కోలీ రక్తం కలిస్తే దమ్ము, గట్టి పాదాలు, పిలవగానే వెనక్కి వచ్చే బుద్ధి వస్తాయి, వేగం కొంత తగ్గుతుంది. అందుకే చాలామంది ఆ సంకరాన్ని మళ్లీ గ్రేహౌండ్‌తోనే కలుపుతారు. ఒకే ఈతలో పిల్లలు కూడా ఒకదానికొకటి పోలిక లేకుండా పుట్టొచ్చు, కాబట్టి అందం కాదు, తల్లీతండ్రీ రెండూ పొలంలో పనిచేసినవా అన్నదే చూడాలి, నేనైతే అదే మొదట అడుగుతాను.

2005 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో హేర్ అనే పెద్ద కుందేలును కుక్కలతో వేటాడటం నేరం, రాబిట్ అనే చిన్న కుందేళ్లను మాత్రం పొలం యజమాని అనుమతి ఉంటే వేటాడొచ్చు. మన దగ్గర అడవి కుందేలు వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే.