మార్గశిరమా, మార్గశీర్షమా?

సందేహం: మా అమ్మాయి శుభలేఖలో పైన ‘మార్గశీర్ష మాసం’ అని, లోపల ముహూర్తం దగ్గర ‘మార్గశిర మాసం’ అని పడింది. మొదటిది అచ్చుతప్పని బంధువులు అంటున్నారు. ఏది ఒప్పు? జూన్‌లో వచ్చే మృగశిర కార్తెకూ ఈ నెలకూ సంబంధం ఉందా?

సమాధానం: అచ్చుతప్పు కాదమ్మా. నిజానికి మీ బంధువులు తప్పన్నదే వ్యాకరణానికి దగ్గరి రూపం. మృగశిరస్ అనే నక్షత్రం పేరు మీద, ‘దానికి సంబంధించినది’ అనే అర్థమిచ్చే అణ్ ప్రత్యయం చేరగానే పాణిని ‘అచి శీర్షః’ అంటూ శిరస్సును శీర్షంగా మార్చేస్తాడు. అందుకే గీతలో కృష్ణుడు ‘మాసానాం మార్గశీర్షోఽహమ్’ అన్నాడు. అమరకోశం రాసిన అమరసింహుడూ మార్గశీర్షమనే మొదలుపెట్టి, సహస్సు, మార్గం, ఆగ్రహాయణికం అని పర్యాయపదాలు చెప్పాడు. ఆగ్రహాయణికంలోని హాయనమంటే సంవత్సరం, అగ్రమంటే మొదలు. హిందీవారి ‘అగహన్’ ఈ చివరి మాట బిడ్డే.

మరి మార్గశిరం? ఆకారాంతమైన ‘మృగశిరా’ శబ్దం నుంచి సాధించుకోవచ్చు. సాధించకపోయినా ఇన్ని తరాలు పలికిన మాటను ఇప్పుడు గడప దాటించలేం. తమిళులు దీన్ని ‘మార్గళి’ చేసుకున్నారు. గోదాదేవి తిరుప్పావైకి అదే మొదటి మాట. ఆవిడను శీర్షం ఏమైందని అడిగినవారు లేరు.

నా బాధ శిరస్సు గురించి కాదు, మృగం గురించి. ఈ మధ్య ఒక ప్రవచనంలో ‘మార్గాలకు శిరస్సు వంటిది కాబట్టి మార్గశిరం’ అని విన్నాను. సభ చప్పట్లు కొట్టింది. ఇక్కడున్నది దారి కాదు, జింక తల. తమాషా ఏమిటంటే ఆ దారికి కూడా మృగమే మూలమని ఒక వ్యుత్పత్తి ఉంది: మృగం నడిచిన జాడ మార్గం, దాన్ని వెదకడం మార్గణం, వేట మృగయ. మృగమంటే మొదట అడవిలో తిరిగే ఏ జంతువైనా సరే. ఋగ్వేదం విష్ణువును ‘మృగో న భీమః’ అన్నప్పుడు కొండల్లో తిరిగే భయంకర జంతువే మనసులో ఉంది. సింహం మృగరాజు, కోతి శాఖామృగం. తరువాత జింక ఆ మాటను తన సొంతం చేసుకుంది. కళ్లు బాగున్న పిల్లను మృగనయన అన్నాం, మచ్చ ఉన్న చంద్రుణ్ణి మృగాంకుడన్నాం. ఇప్పుడు పత్రికలవారు దుర్మార్గుడు కనిపిస్తే చాలు, ‘మృగాడు’ అని శీర్షిక పెడుతున్నారు. ఏ మృగం చేసింది ఆ పని? మగాడికి ఒక వట్రుసుడి తగిలించి నేరాన్ని జంతువు మీదికి నెట్టడం భాషకూ న్యాయం కాదు, జింకకూ కాదు.

ఆ జింకను చూడాలంటే మార్గశిర పున్నమి రాత్రి డాబా ఎక్కండి. చంద్రుడి చుట్టుపక్కలే వరుసగా మూడు చుక్కలు మెరుస్తుంటాయి. ఐతరేయ బ్రాహ్మణం కథలో ప్రజాపతి జింక రూపంలో పరుగెత్తగా రుద్రుడు కొట్టిన మూడు కణుపుల బాణం అదే. వాటికి కాస్త పైన నలకల్లా కనిపించే చిన్న చుక్కల గుంపు మృగశిర.

కార్తె సంగతి సులువు. సూర్యుడు ఆ నక్షత్రంలో ఉంటే కార్తె, పున్నమి చంద్రుడు దాని దగ్గర ఉంటే మాసం. పున్నమినాడు సూర్యచంద్రులు ఎదురెదురు కదా, అందుకే రెంటికీ ఆరు నెలల ఎడం. ఒకే జింక తొలకరికీ చలికీ పేరిచ్చింది.

లక్ష్మీవారాల పూజలు, సుబ్రహ్మణ్య షష్ఠి, గీతా జయంతి ఈ నెలవే. ధనుర్మాసం మాత్రం సౌరమానం లెక్క. రెండూ కొన్నాళ్లు కలిసి నడుస్తాయే గాని ఒకటి కావు. టీవీలవారికి ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

ఇక మీ శుభలేఖ. నన్నడిగితే శుభలేఖలో మార్గశీర్షం, ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మార్గశిరం. రెండోదే రాస్తానంటే కాదనను. ఒకే కాగితం మీద రెండూ పడటమే ఇబ్బంది. ఇంకా అచ్చు కాకుండా మిగిలిన ప్రతులుంటే ఏదో ఒకటి ఉంచండి.