శిలాజాల ల్యాబ్‌లో చేరితే మీ అమ్మాయి రోజంతా చేసే పని ఏమిటంటే

మీరు అడిగింది ఇది: "మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాల మీద పనిచేసే యూనివర్సిటీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. అక్కడ అసలు ఏం చేస్తారు, ఎలాంటి మనుషులుంటారు, రేపు బతుకుదెరువు ఉంటుందా?"

నేను కూడా ఇక్కడే ఎమ్మెస్సీ జియాలజీ చేసి, ఉత్తరాదిలో అలాంటి ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్‌గా పనిచేశాను. ఇప్పుడు తార్నాకలో ఉంటూ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

టీవీలో చూపించే తవ్వకాలు ఈ పనిలో చాలా చిన్న భాగమండీ. ఫీల్డుకి వెళ్లేది ఏడాదిలో కొన్ని వారాలు, అదీ వానలు తగ్గాక, ఎండలు ముదరకముందు. మిగతా కాలమంతా ల్యాబే. ఎముక నేలలోంచి బయటికి వచ్చేది ఫీల్డులో, అది ఏ జంతువుదో తేలేది ల్యాబ్‌లో. ఆ కూర్చుని చేసే పని మీ అమ్మాయికి నచ్చుతుందా లేదా అన్నదే ముందు చూసుకోవాలి.

మనకు దగ్గర్లోని ఊరి సంగతే తీసుకోండి. వికారాబాద్ వైపు, హైదరాబాద్‌కి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో నస్కల్ ఉంది. దక్కన్ లావా పొరలు పొరలుగా పారిన రోజుల్లో, ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య దొరికిన విరామంలో అక్కడ మట్టి పేరుకుంది. ఆ మట్టిలో దొరికిన పళ్ల మీద జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో 'నేచర్' పత్రికలో పేపర్ వేశారు. రాక్షసబల్లులు బతికున్న క్రెటేషియస్ కాలపు క్షీరదం మన దేశంలోనూ ఉండేదని అప్పుడే మొదటిసారి తెలిసింది. పేరు డెక్కనోలెస్టెస్, చుంచెలుక అంత జంతువు. తర్వాత 1994లో దాని చీలమండ ఎముకల్ని చూసి, అది చెట్లెక్కేదని కూడా చెప్పగలిగారు. అంత చిన్న ఎముకల్లోంచి అంత సంగతి రాబట్టారు చూడండి! నేను ఈ దారిలోకి రావడానికి ఆ పేపర్లే కారణం.

ఆ పళ్లు మిల్లీమీటరు, మహా అయితే రెండు మిల్లీమీటర్లు ఉంటాయి. అవి కంటికి కనబడి దొరికేవి కావు. మట్టిని బస్తాల్లో నింపుకుని తెస్తాం. ముందు ఎండలో బాగా ఆరబెట్టాలి, లోపల తడి మిగిలిందంటే తర్వాత పని సాగదు. ఆరిన గడ్డల్ని కిరసనాయిలులో నానబెట్టి, అది వంపేసి నీళ్లు పోస్తే గట్టి గడ్డ కూడా కాసేపటికి విచ్చుకుని బురదైపోతుంది. ఆ బురదని ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెళ్లలో మెల్లగా కడుగుతాం. జల్లెడలో మిగిలిన రవ్వని ఆరబెట్టి, గళ్లు గీసిన చిన్న ట్రేలో పలచగా పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టి, తడిపిన సన్న కుంచె కొనతో ఒక్కో రేణువునీ కదిపి చూడాలి. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే, కాకపోతే ఇక్కడ కావలసింది ఆ రాయే.

ఎక్కువగా దొరికేవి చేప పొలుసులు, మొసలి పళ్ల ముక్కలు. వాటిని కూడా పారేయం, అన్నిటికీ నంబర్లు పడతాయి. క్షీరదం పన్ను వస్తే మాత్రం తేడా ఇట్టే తెలిసిపోతుంది. మొసలి పన్ను నున్నగా, ఒకే మొనతో ఉంటుంది. దీని మీద మూడు నాలుగు చిన్న మొనలు, వాటి మధ్య గుంటలు, పైన ఎనామిల్ మెరుపు. నా ట్రేలో అలాంటిది మొదటిసారి కనబడినప్పుడు నోట మాట రాలేదు. గైడు గారితో సహా అందరూ వరసగా వచ్చి మైక్రోస్కోపులో చూసి వెళ్లారు. ఆ రోజు ఎవరూ ఇంకో పని ముట్టుకోలేదు.

ఇక మనుషుల సంగతి. ప్రొఫెసర్, సీనియర్ స్కాలర్లు, ప్రాజెక్టు వాళ్లు అన్ని ల్యాబుల్లోనూ ఉంటారు. నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఎముక చుట్టూ ఉన్న రాయిని ఒలిచే పెద్దాయన. డిగ్రీ లేదు. గాలి ఒత్తిడితో కొట్టుకునే సన్న సూది పరికరం చేత్తో పట్టుకుంటే, సూది రాయికి తగిలిందో ఎముకకి తగిలిందో చప్పుడుని బట్టి చెప్పేవారు. పగులు కనబడగానే ఆగి, ఎసిటోన్‌లో కరిగించిన జిగురు చుక్కలు చుక్కలుగా వేసి, అది ఇంకేదాకా వేరే పని చూసుకునేవారు. ఫీల్డులో రాయో ఎముకో తేలకపోతే నాలుకకి ఆనించి చూడమని నేర్పింది కూడా ఆయనే. శిలాజ ఎముకలో సన్న రంధ్రాలుంటాయి కాబట్టి చాలాసార్లు నాలుకకి అతుక్కుంటుంది. ఇలాంటి వాళ్లకి పేపర్ చివర కృతజ్ఞతల్లో ఒక లైను పడేసి ఊరుకోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

రాయి ఒలిచే బల్ల మీద ఎంత పెద్ద సంగతి బయటపడగలదో ఇండోహైయస్ అనే పాతకాలపు జంతువు కథ చెబుతుంది. ఎ. రంగారావు అనే జియాలజిస్టు జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించి, 1971లో ఆ జంతువుకి పేరు పెట్టారు. ఆయన పోయాక, ఇంకా ఒలవని రాళ్లని ఆయన భార్య అమెరికాలోని హాన్స్ థెవిసన్ అనే పరిశోధకుడికి అప్పగించారు. ఆ ల్యాబ్ టెక్నీషియన్ ఒక పుర్రెని శుభ్రం చేస్తుండగా చెవి ఎముక విరిగింది. విరిగిన చోట లోపలి గోడ మందంగా, అచ్చం తిమింగలం చెవిలా కనబడింది. సుమారు పిల్లి అంత ఉండే, గిట్టలున్న ఆ జంతువు తిమింగలాలకి చాలా దగ్గరి చుట్టమని 2007లో 'నేచర్'లో ప్రకటించారు. రాళ్లు తెచ్చినవారికి ఆ సంగతి చూసే భాగ్యం లేకపోయింది. అయినా ఆయన ఏ రాయి ఎక్కడిదో జాగ్రత్తగా భద్రపరిచారు కాబట్టే ఇన్నేళ్ల తర్వాత అది పనికొచ్చింది. ఎక్కడ, ఏ పొరలో దొరికిందో రాసిపెట్టని ఎముక ఎంత అందంగా ఉన్నా పరిశోధనకి పెద్దగా ఉపయోగపడదు.

మీరు ఒకసారి బిర్లా మందిర్ పక్కన ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌కి అమ్మాయిని తీసుకెళ్లి కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని చూడండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో దొరికిన ఎముకలవి. కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. అక్కడ దొరికినవి 840 ముక్కలు, కనీసం 12 జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్లే దొరికాయి. కాబట్టి అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం తల దగ్గరికి వచ్చేసరికి, ఇది ఎలా ఊహించి పెట్టారని అమ్మాయినే అడగండి. ఆ ప్రశ్న మీద ఎంతసేపు మాట్లాడుతుందో చూస్తే మీకే అర్థమవుతుంది.

అమ్మాయిలకి ఈ పని కుదురుతుందా అని మీరు నేరుగా అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 రాక్షసబల్లి గుడ్లు దొరికాయని 2023లో వచ్చిన పేపర్‌లో మొదటి పేరు ఢిల్లీ యూనివర్సిటీ పరిశోధకురాలు హర్ష ధీమాన్‌ది. అదే పేపర్‌లో ఆ ప్రాంతపు స్కూలు టీచర్ విశాల్ వర్మ పేరు కూడా ఉంది.

బతుకుదెరువు గురించి దాచకుండా చెబుతాను. ఎర్త్ సైన్సెస్‌లో నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. కాకపోతే డబ్బు ప్రతి నెలా టైముకి పడుతుందని నమ్ముకోకండి, చేతిలో కొంత ఉంచుకోవాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత అచ్చంగా ఈ సబ్జెక్టులో ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షని కూడా పక్కన ఉంచుకోమనండి. అందులో వస్తే జియలాజికల్ సర్వేలో చేరొచ్చు, వాళ్ల దక్షిణ ప్రాంత కార్యాలయం మన బండ్లగూడలోనే ఉంది. పెళ్లి గురించి చుట్టాలు అడుగుతారు, ఆ టెన్షన్ అమ్మాయి మీద పడకుండా మీరే అడ్డుపడండి. నాకు మా నాన్నగారు అలా నిలబడ్డారు కాబట్టే పూర్తి చేయగలిగాను.

ఢిల్లీ యూనివర్సిటీ, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ, ఐఐటీ రూర్కీ, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ రంగంలో పేరున్నవి. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు "నాకు డైనోసార్లంటే చిన్నప్పటి నుంచి ఇష్టం" అని మొదలుపెట్టొద్దు. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో తనకి తట్టిన ప్రశ్న ఒకటి రాస్తే చాలు. ఎమ్మెస్సీ డిసర్టేషన్‌కే వేసవిలో రానిస్తారా అని అడగమనండి, చాలామంది సరే అంటారు.

అంతకంటే ముందు మా కాలేజీకి పంపించండి. కడిగి ఆరబెట్టిన రవ్వ నా దగ్గర కొంత ఉంది, మైక్రోస్కోపు ఉంది. ఒక పూట కూర్చుని ఏరి చూడమనండి. శనివారాలు మధ్యాహ్నం నేను ఖాళీగానే ఉంటాను, ఇక్కడ మెసేజ్ పెడితే చాలు.