ఒక్కసారి కూడా పడకూడదని వాడి పంతం

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఊరు. మావారు పోయి ఎనిమిది నెలలైంది. కొబ్బరి దింపు చూడ్డానికి వెళ్లి తోటలోనే కుప్పకూలిపోయారు. గుండెపోటు అన్నారు. అంతకుముందే మా అబ్బాయికి రెండుసార్లు ఫోన్ చేశారు. వాడు గేమ్ ఆడుకుంటూ సైలెంట్‌లో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. అదే గేమ్, సెలెస్ట్ అట, తెల్లవార్లూ ఆడతాడు. చిన్న తప్పు జరిగితే చేతులు వణుకుతాయి, ఊపిరాడట్లేదంటాడు. అడిగితే ‘గోల్డెన్ కొట్టాలమ్మా, ఒక్కసారి కూడా చావకూడదు’ అంటాడు. నాన్న పోయిన బాధే లేదా వీడికి? లాప్‌టాప్ తీసి దాచెయ్యమంటున్నాడు మా అన్నయ్య. ఇంకో మాట. ఆ రోజు పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందని ఆయన అంటే, గ్యాస్ అనుకుని వాము నీళ్లిచ్చి పంపాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

జవాబు: అమ్మా, లాప్‌టాప్ దాచకండి. వాడికి బాధ లేకపోవడం కాదు, ఆ బాధతోనే రాత్రంతా కూర్చుంటున్నాడు.

నా దగ్గరికి వచ్చే పిల్లల వల్ల ఆ ఆట నాకు బాగానే తెలుసు. 2018లో వచ్చింది. మ్యాడలిన్ అనే అమ్మాయి కొండెక్కుతుంటుంది. ఆమెలోని భయం, తనని తాను తిట్టుకునే గుణం అన్నీ ఇంకో మనిషి రూపంలో ఎదురొచ్చి వెనక్కి లాగుతుంటాయి. ‘నువ్వు నాకొద్దు, ఇక్కడే వదిలేసి పోతా’ అంటుంది మ్యాడలిన్. అన్నాక ఏమవుతుందంటే, ఎక్కిన కొండంతా జారి అడుగుకి పడిపోతుంది. తర్వాత ఆ రెండో మనిషితో కూర్చుని మాట్లాడి, ఇద్దరూ కలిసి ఎక్కితేగానీ శిఖరం అందదు.

ఇందులో పడిపోతే శిక్షేమీ లేదు. పడిన ఆ చిన్న గది మొదలు నుంచే వెంటనే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎన్నిసార్లు పడితే అంత నేర్చుకున్నట్టు, ఆ లెక్క చూసి గర్వపడమని ఆటే చెబుతుంది. మీవాడు పట్టుకున్నది మాత్రం బంగారు స్ట్రాబెర్రీని. అది చేతికి రావాలంటే అధ్యాయం మొత్తం ఒక్క తప్పు లేకుండా దాటాలి. చిట్టచివర్లో కాలు జారినా మొదటికే. ఇన్ని దారులుండగా ఆ ఒక్కటే ఎందుకు ఎంచుకున్నాడు? ఎత్తని ఆ రెండు ఫోన్లే కారణమని నాకు అనిపిస్తోంది. ఆ రోజు జరిగిన పొరపాటు ఈ తెర మీదైనా జరక్కూడదని వాడి తాపత్రయం.

2019లో ఆ ఆటకి ఇంకో అధ్యాయం చేర్చారు, ఫేర్‌వెల్ అని. కొండ కింద ఉండే ముసలావిడ చనిపోతుంది. మ్యాడలిన్ ఆ మాట ఒప్పుకోలేక ఒక పిట్ట వెంట పడుతుంది, అది దొరికితే అవ్వ దొరుకుతుందన్నట్టు. ఆట మొత్తంలో అంత కష్టమైన భాగం ఇంకోటి లేదు. మీవాడు అది ఆడాడో లేదో అడగండి.

అడగడమంటే నిలదీయడం కాదు. రాత్రి అన్నాలయ్యాక పక్కనే స్టూలు వేసుకుని కూర్చోండి. ‘నాకూ చూపించరా, ఎలా ఎక్కాలి?’ అనండి. వాడు పడతాడు, విసుక్కుంటాడు. మీరు కదలకుండా కూర్చోండి. ఊపిరాడనప్పుడు ఈక సంగతి గుర్తుచెయ్యండి. అదీ ఆ ఆటలోదే: మ్యాడలిన్ రోప్‌వే పెట్టెలో చిక్కుకుని వణికిపోతుంటే, తోడున్న కుర్రాడు ఎదురుగా ఒక ఈక తేలుతున్నట్టు ఊహించుకోమంటాడు. నెమ్మదిగా గాలి పీల్చి వదులుతూ దాన్ని కింద పడనివ్వకూడదు. వాడితో కలిసి మీరూ చెయ్యండి. డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి.

ఫోన్ల మాట వాడి నోటి నుంచే రానివ్వండి. వచ్చినప్పుడు ‘నీ తప్పేం లేదు’ అని కొట్టిపారేయకండి. ఎత్తి ఉంటే ఏమయ్యేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. వాడు చెప్పుకున్నంతసేపూ వినండి.

ఆటలో చావు వేరు గానీ, ‘నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని ఒకసారి సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. 14416కి, అంటే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి. ఖర్చు లేదు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. కాకినాడ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, వెంటనే తీసుకెళ్లండి.

ఇక మీ సంగతి. గుండెపోటును గ్యాస్ అనుకోవడం ఎన్నో ఇళ్లలో జరిగేదే. మీరు చేతికి అందిన మందు ఇచ్చారు. ఎనిమిది నెలలుగా మీరూ ఆ పొద్దుటి పూటనే తిరగరాసుకుంటున్నారు, వాడిలాగే, పక్క గదిలో. ఏడాది దాకా మీ ఇంట్లో పండగలుండవు కదా, ఈ సంక్రాంతికి ఊరంతా ప్రభల తీర్థానికి వెళ్తే మీరిద్దరే మిగులుతారు. అంతదాకా ఆగక్కర్లేదు. వాడి పక్కన కూర్చున్న ఏదో ఒక రాత్రి, వాడు అడక్కుండానే, ఆ వాము నీళ్ల సంగతి చెప్పండి.