సమాధానం: ఏటా 2.08 శాతం ఎందుకు తప్పు

1974లో 400 కోట్లున్న ప్రపంచ జనాభా 2022కి 800 కోట్లయింది కదా అని మీరు ఏటా సగటు పెరుగుదల కోసం ఆ 100 శాతం పెరుగుదలను 48 ఏళ్లతో భాగించి 2.08 అన్నారు. చిక్కంతా అక్కడే. పెరుగుదల చక్రవడ్డీ లాంటిది, ఏటేటా పెరిగిన జనాభా మీదే లెక్క. 800ని 400తో భాగిస్తే 2. దాని 48వ మూలం (48 సార్లు వేసి గుణిస్తే 2 వచ్చే సంఖ్య) 1.0145, అందులోంచి 1 తీసేయండి: ఏటా 1.45 శాతం. (కాలిక్యులేటర్‌లో 2^(1/48) కొట్టండి, బ్రాకెట్లు మరవద్దు.)

సరిచూడాలంటే 70ని ఆ శాతంతో భాగించండి. రెట్టింపుకు 48 ఏళ్లొస్తుంది. మీ 2.08తో 34 ఏళ్లకే రెట్టింపవ్వాలి, కాలేదుగా!

ఇదీ సగటే. 1970ల మొదట్లో వేగం 2 శాతానికి దగ్గర, ఇప్పుడు ఒకటి లోపే. అందుకే 1.45తో భవిష్యత్తు అంచనా వేయకండి.

ఒక ఏడాది పెరుగుదలను జనన, మరణ రేట్ల నుంచి లెక్కిస్తే, అవి వెయ్యి మందికి ఇస్తారని గుర్తుంచుకోండి. తేడాను 10తో భాగిస్తేనే శాతం. దేశానికైతే వలసలూ కలపాలి.