మనిషి బొమ్మ బిగుసుకుపోకుండా రావాలంటే: నాకు పనికొచ్చిన సాధన

ఆరు నెలలుగా రోజూ స్కెచ్ బుక్ నింపుతున్నా, ముఖాలు బాగానే వస్తున్నా, నిలువెత్తు మనిషిని గీస్తే మాత్రం బిగుసుకుపోయినట్టు ఉంటోందని మీరు రాశారు. కండరాల పేర్లన్నీ బట్టీ పట్టాలా, రోజుకు ఎంతసేపు గీయాలి, ఫోటోలు చూసి గీస్తే సరిపోతుందా అని అడిగారు.

పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఒంట్లో 206 ఎముకలున్నా, గీసేవాళ్లకు రోజూ పనికొచ్చేవి చర్మం కిందే ఉండి వేలికి తగిలేవి. ముందు వాటిని మీ ఒంటి మీదే వెతుక్కోండి. గొంతు కింద గుంట, అక్కణ్ణుంచి రెండు భుజాలకీ వెళ్లే కాలర్ బోన్, తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే వెన్నుపూస, మోచేతి మొన, నడుం ముందు రెండు పక్కలా తగిలే తుంటి ఎముక కొసలు, మోకాలి చిప్ప, చీలమండలు. కండ వంగినా, సాగినా, ఉబ్బినా ఈ చోట్లు నమ్మకంగా దొరుకుతాయి. కాగితం మీద ముందు వీటిని చుక్కలుగా పెట్టుకుంటే మిగతా ఒళ్లు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. చీలమండలే చూడండి. లోపలి వైపు ఎముక పైకి, బయటి వైపుది కిందికి ఉంటుంది. పిక్క దానికి తిరగబడి, బయటి ఉబ్బు పైన, లోపలి ఉబ్బు కింద. ఈ రెండు వాలుల్నీ పట్టుకుంటే కాలు స్తంభంలా కాకుండా కాలులా కనిపిస్తుంది.

నేను రాజమండ్రిలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు గీసేవాణ్ణి. అనాటమీ మీద నిజమైన ఇష్టం పుట్టింది ముంజేతి దగ్గరే. మీరూ ఇప్పుడే చేసి చూడండి. ముంజేతిని బల్ల మీద పెట్టి అరచేయి పైకి తిప్పండి. రెండో చేతి వేళ్లతో మోచేతి మొన నుంచి చిటికెనవేలి వైపు మణికట్టు దాకా నొక్కుకుంటూ వెళ్తే, ఒక ఎముక అంచు పొడుగునా తగులుతుంది. ఇప్పుడు మోచేతిని కదపకుండా అరచేయిని బోర్లించండి. ఆ ఎముక దాదాపు అక్కడే ఉంటుంది. బొటనవేలి వైపున్న రెండో ఎముకే దాని మీదుగా అడ్డంగా దాటి వస్తుంది. చేయి తిరగడమంటే ఇదే. బొటనవేలు ఆకాశం వైపు ఉన్నప్పుడు మణికట్టు పలకలా నిలబడుతుంది, మోచేతి దగ్గర కండ మాత్రం అడ్డంగానే వెడల్పుగా ఉంటుంది. ఈ మెలిక బొమ్మలో రాకపోతే ఎంత షేడింగ్ చేసినా చేయి గొట్టంలాగే ఉంటుంది. కండరం పేరు ఒక్కటీ తెలియకపోయినా ఈ మెలిక తెలిసినవాళ్లు మంచి చేయి గీయగలరు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

భుజం ఇంకా అందమైన విషయం. చేతిని మొండేనికి ఎముకతో కలిపే కీలు ఒక్కటే, కాలర్ బోన్ గొంతు గుంట పక్కన రొమ్ము ఎముకను తాకే చోటు. వీపు మీద త్రికోణంలా ఉండే రెక్క ఎముక పక్కటెముకల మీద జారుతూ ఉంటుంది. చేతిని పూర్తిగా పైకెత్తితే ఆ 180 డిగ్రీల్లో సుమారు 60 ఈ రెక్క ఎముక తిరగడం వల్ల వచ్చేవే. అందుకే ఎత్తిన చేతిని భుజం దగ్గర అతికించినట్టు గీస్తే కుదరదు. కాలర్ బోన్ వాలు మారాలి, వీపు కూడా మారాలి. ఇది నాకు బాగా తెలిసింది లారీ నుంచి బస్తాలు దింపే హమాలీలను గీస్తున్నప్పుడు. బస్తా వీపు మీదికి ఎక్కే ఆ క్షణంలో రెండు రెక్కలూ ఎటు పోతున్నాయో చూస్తే చాలు. పొద్దున్నే పుష్కర ఘాట్‌లో తుండుగుడ్డ కట్టుకుని స్నానం చేసే మగవాళ్లూ అంతే, ఆర్ట్ కాలేజీలో మోడల్ దొరకని మనలాంటి వాళ్లకు పెద్ద వరం. కానీ ఒక మర్యాద పాటించండి. స్నానం చేస్తున్న ఆడవాళ్ల వైపు పుస్తకం తెరవకండి, ఫోన్‌తో ఫోటోలు తీయకండి, ఎవరైనా అడిగితే పేజీ చూపించండి, వద్దంటే ఆపేయండి. హమాలీలైతే టీ తాగేటప్పుడు వాళ్లే వచ్చి నిలబడి “నాదీ గియ్యండి సార్” అంటారు.

మీ బొమ్మలు బిగుసుకుపోవడానికి అసలు కారణం, నా అంచనాలో, భుజాల గీతా తుంటి గీతా సమాంతరంగా పెట్టడం. బస్టాప్‌లో ఎదురుచూసే మనిషిని చూడండి. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, మామూలుగా అదే వైపు భుజం కిందికి వాలుతుంది. వెన్ను వంపు తిరుగుతుంది. మన గుడి శిల్పాల్లో త్రిభంగం, అంటే ఒళ్లు మూడు చోట్ల వంపు తిరిగే నిలువు, ఈ సంగతినే ఎంతో గొప్పగా చూపిస్తుంది. బొమ్మ మొదలుపెట్టగానే తల కాదు, ఈ రెండు వాలు గీతలు ముందు పెట్టండి. తరవాత వెన్ను, బరువు మోసే పాదం. ఆ పాదం దాదాపు గొంతు గుంటకు సూటిగా కిందకి వస్తుంది. చీర కట్టిన మనిషైనా అంతే. మడతలు భుజం నుంచి, తుంటి నుంచి వేలాడతాయి కాబట్టి ఆ చోట్లు తెలియకుండా మడతలు గీస్తే గుడ్డ గాల్లో ఉన్నట్టుంటుంది.

కొలతల మాటకొస్తే, పాశ్చాత్య పద్ధతిలో ఎనిమిది తలల ఎత్తు, అంటే తల ఎత్తుకు ఎనిమిది రెట్లు ఒళ్లు అని నేర్పుతారు. నిజం మనుషులు చాలామంది ఏడు, ఏడున్నర దగ్గర ఉంటారు. మన విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం హంస అనే రకం పురుషుడికి 108 అంగుళాలు చెబుతుంది. అందులో ముఖం 12, అంటే తొమ్మిది ముఖాల ఎత్తు. ఆ అంగుళం స్కేలు మీది ఇంచి కాదు, బొమ్మను బట్టి మారే ప్రమాణం. రెండూ ఆదర్శ రూపాలే. నేర్చుకోండి, కానీ ఎదురుగా ఉన్న మనిషిని పెన్సిల్ చాచి కొలిచాకే గీయండి. నాకు ఎక్కువ పనికొచ్చినవి చిన్న కొలతలే. కళ్లు తల ఎత్తులో సగం దగ్గర వస్తాయి. నిలబడ్డ పెద్దవాళ్ల ఒంట్లో సగం తొడలు కలిసే చోటుకు అటూ ఇటూ. అరచేయి వేళ్లతో కలిపి గడ్డం నుంచి నుదుటి జుట్టు మొదలు దాకా. పాదం దాదాపు ముంజేయి అంత, అందుకే చాలామంది పాదాలు చిన్నవిగా గీస్తారు.

సమయం గురించి: రోజూ అరగంట, ముప్పావుగంట చాలు, కానీ దాన్ని విడగొట్టండి. మొదటి పది నిమిషాలు అర నిమిషం, ఒక నిమిషం భంగిమలు, చెరపకుండా, బాల్‌పెన్‌తో. తరవాత ఒకే ఒక భాగం నిదానంగా. రెండు వారాలు మోకాలే అనుకుంటే మోకాలే. చివర చూసి గీసిన బొమ్మను మూసిపెట్టి, అదే భాగాన్ని గుర్తున్నంత వరకు మళ్లీ గీయండి. అసలుతో పోల్చి, తేడా ఉన్న చోట ఎర్ర పెన్‌తో దిద్దుకోండి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. చూస్తూ గీసినప్పుడు వచ్చినట్టే అనిపించేది, చూడకుండా గీసినప్పుడు నిజంగా వచ్చిందో లేదో తేలిపోతుంది. కాగితం ఖరీదైనది వద్దు. న్యూస్‌ప్రింట్ ప్యాడ్, 4బి పెన్సిల్ సరిపోతాయి.

ఫోటోలు చూసి గీయొచ్చు, వాన కురిసే రోజుల్లో నేనూ గీస్తాను. అయితే దగ్గర నుంచి ఫోన్‌తో తీసిన ఫోటోలో కెమెరాకు ముందున్న చేయి, ముక్కు ఉన్నదానికంటే పెద్దవైపోతాయి. ఫోటో చూస్తే భంగిమను అద్దం ముందు మీరే ఒకసారి పెట్టి, బరువు ఎక్కడ పడుతోందో ఒంటితో తెలుసుకుని గీయండి. బాపు గారి గీత చూసి గీయడం కూడా మంచిదే, చేతికి వేగం వస్తుంది. ఆ ఒక్క గీతలో మోచేయి, తుంటి ఎక్కడ దాగున్నాయో చుక్కలు పెట్టి వెతికితే ఇంకా ఎక్కువ వస్తుంది. రాజమండ్రి వచ్చే వీలుంటే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. చిత్రకారుడైన ఆయన బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. రంగుల బొమ్మల ముందు ఆగినంతసేపూ ఆయన పెన్సిల్ స్కెచ్‌ల ముందు కూడా ఆగండి.

ఇక చేతివేళ్లు. వీటి మీద మీరు విడిగా అడగలేదు కానీ మొండేనికి పట్టు చిక్కగానే ఇబ్బంది పెట్టేవి ఇవే. చేతి వెనక నుంచి చూస్తే వేలు కణుపు దగ్గర మొదలవుతుంది, అరచేతి వైపు నుంచి చూస్తే ఇంకా పైన మొదలైనట్టుంటుంది. అందుకే అదే వేలు వెనక పొడుగ్గా, ముందు పొట్టిగా కనిపిస్తుంది. కణుపులు కూడా సూటి గీతలో ఉండవు, మధ్యవేలిది ఎత్తులో ఉండి వంపుగా దిగుతాయి. మీ ఎడమ చెయ్యి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా, దాన్నే మోడల్‌గా పెట్టుకోండి. గీసిన పేజీలు ఇక్కడ పెడితే ఎక్కడ ఏ ఎముక తప్పిందో చూసి చెప్తాను.