కాపీ కొడితే డబ్బులెవరిస్తారమ్మా?

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మౌనికకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. "ఇంట్లోనే కూర్చుని రాతపని. పీడీఎఫ్ చూసి వర్డ్‌లో టైపు చేస్తే పేజీకి 250. అనుభవం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ 1,499 మాత్రమే, మొదటి జీతంతో తిరిగిచ్చేస్తాం." డబ్బు కట్టమాక. ఒకవేళ కట్టేసి ఉంటే మాత్రం ఈ ఉత్తరంలో 1930 అనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు ఎక్కడుందో వెతికి ముందు అది చదువు, మిగతాది తర్వాత చూడొచ్చు.

ఇట్లాంటి మెసేజిలో ముందు జీతం వైపు చూడొద్దు, ఆ పని ఎవరికి అవసరమో చూడు. అచ్చయిన పేజీని మళ్లీ టైపు కొట్టించుకోవాల్సిన ఖర్మ ఎవరికమ్మా? స్కాన్ చేసిన పేజీని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, తెలుగు అచ్చయినా సరే చాలావరకు టెక్స్టుగా వచ్చేస్తుంది. అందులో తప్పులు దిద్దే మనిషికి డబ్బిస్తారు గానీ మొత్తం మొదటినుంచీ కొట్టమని పేజీకి 250 ఎవరూ ఇవ్వరు. చేత్తో రాసే పని మరీ విడ్డూరం. పుస్తకం చూసి ఏ4 కాగితం మీద నీలం పెన్నుతో రాసి కొరియర్ చెయ్యమంటారు. మన సందు మొగలో జెరాక్సు రూపాయో రెండో. నీ చేతిరాత కాపీని వాడు ఏం చేసుకుంటాడు? కొనేవాడే లేని సరుకది. వాడి రాబడి నువ్వు రాసే పేజీలు కాదు, నువ్వు కట్టే 1,499.

ఆ డబ్బుకు పేర్లు చాలా పెడతారు. రిజిస్ట్రేషన్, సెక్యూరిటీ డిపాజిట్, కిట్ ఛార్జీ, ఐడీ కార్డు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, ట్రైనింగు. మొదటిది కట్టగానే రెండోది పుడుతుంది. "మీ జీతం 18,000 రెడీగా ఉంది, టీడీఎస్ కడితే రిలీజ్ చేస్తాం" అని ఇంకోటి. టీడీఎస్ అనేది వాళ్లు నీకిచ్చే డబ్బులోంచి కోసుకుని ప్రభుత్వానికి కట్టేది. నీ చేత ముందుగా కట్టించుకునేది కాదు. నిజంగా కోస్తే అది నీ పాన్ మీద ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. యూపీఐ దగ్గర కూడా అంతే: డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. పిన్ అడిగిందంటే నీ ఖాతాలోంచి పోతున్నట్టే.

డబ్బు అడగని రకం ఇంకొకటుంది. డిగ్రీ చదివిన పిల్లలు ఎక్కువగా పడేది అందులోనే. కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను.

వీళ్లు రూపాయి కూడా అడగరు. ఆధార్, పాన్, ఫొటో, ఒక సంతకం అడుగుతారు. 100 రూపాయల స్టాంపు పేపరు బొమ్మ మీద ఒక అగ్రిమెంటు పంపి, దాని మీద సంతకం పెట్టి తిప్పి పంపమంటారు. తర్వాత లాగిన్ ఇస్తారు: 5 రోజుల్లో 500 ఫారాలు నింపాలి, 90 శాతం తప్పుల్లేకుండా ఉండాలి. లెక్క వేసి చూడు. ఫారానికి 20 గళ్లనుకో, మొత్తం 10,000 గళ్లు, రోజుకు 2,000. ఒక్కో గడికి 20 సెకన్లు పట్టినా రోజుకు 11 గంటలు దాటుతుంది, అదీ అన్నం తినకుండా. పైగా బొమ్మలు కావాలనే మసగ్గా పెడతారు. ఇంగ్లీషు ఓ అక్షరమో సున్నానో, ఒకటో ఎల్లో తెలియదు. పేరు తర్వాత రెండు ఖాళీలు ఉండాలని ఒక పేజీలో, ఒక్కటే ఉండాలని ఇంకో పేజీలో రాసుంటుంది. చివరిరోజు సైటు తెరుచుకోదు. ఎంత జాగ్రత్తగా చేసినా రిపోర్టు మాత్రం 80 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఆ రిపోర్టు రాసేది కూడా వాళ్లే.

అప్పుడు మొదలవుతుంది అసలు వ్యాపారం. "అగ్రిమెంటు ఉల్లంఘించారు, 6,500 కట్టండి, లేకపోతే కేసు" అని లాయరు పేరుతో ఫోను. వాట్సాప్‌లో కోర్టు ముద్రతో ఒక కాగితం. వాటి భాష చదివితే నవ్వొస్తుంది, "హైకోర్టు క్రిమినల్ సివిల్ డిపార్ట్‌మెంట్" అని లేని శాఖల పేర్లన్నీ ఉంటాయి. కానీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పనిలో చేరిన పిల్లకు నవ్వు రాదు, వణుకొస్తుంది. వాళ్లకు కావాల్సిందీ అదే.

భయపడాల్సిందేమీ లేదు, విను. పని సరిగా చెయ్యలేదన్నది సివిల్ తగాదా. దానికి పోలీసులు వచ్చి పట్టుకుపోరు, వీడియో కాల్‌లో అసలే అరెస్టు చెయ్యరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటులో ఎంత అంకె వేసుకున్నా, కోర్టు సబబనుకున్న పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. మోసంతో చేయించిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా నీకుంది. నోటీసు వేరు, సమన్లు వేరు. నోటీసు ఏ లాయరైనా పంపొచ్చు. సమన్లు కోర్టు నుంచే వస్తాయి. కేసు ఉందంటే సీఎన్ఆర్ నంబరు అడుగు, కోర్టులో ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు నంబరది. అంకెలు, అక్షరాలు కలిపి 16 ఉంటాయి, ఈ-కోర్ట్స్ సైటులో కొడితే కేసు ఉందో లేదో తేలిపోతుంది. నంబరు అడగగానే వాళ్ల గొంతు మారడం నువ్వే చూస్తావు. నిజంగానే కోర్టు కాగితం ఇంటికొస్తే మాత్రం పక్కన పడెయ్యమాక. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

టెలిగ్రాంలో రివ్యూలు రాస్తే 150 ఇస్తామనే రకం నీకు తెలిసే ఉంటుంది. మొదట రెండు మూడుసార్లు నిజంగానే ఇస్తారు, ఆ తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని నీ చేత వేలల్లో వేయిస్తారు. గ్రూపులో లక్షలు వచ్చాయని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే.

ఇక కంపెనీ నిజమా కాదా చూడటం. వాళ్లు చూపించే ఉద్యం సర్టిఫికెట్టును (చిన్న వ్యాపారాల నమోదు కాగితం) చూసి "ప్రభుత్వ గుర్తింపు" అని మురిసిపోవద్దు. అది సొంత వివరాలు తనే రాసుకుని ఉచితంగా తీసుకునేది, కిరాణా కొట్టుకూ దొరుకుతుంది. జీఎస్‌టీ నంబరు అడుగు, 15 గళ్లుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: మనకు 37, తెలంగాణకు 36. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసని చెప్పి వేరే అంకెలతో మొదలయ్యే నంబరిస్తే ఎందుకని అడుగు. జీఎస్‌టీ సైటులో ఆ నంబరు కొడితే పేరు, రిజిస్టరైన తేదీ వస్తాయి. ఒక్కోసారి నిజమైన కంపెనీ నంబరే దొంగిలించి పెట్టుకుంటారు. అందుకని మెసేజిలో ఉన్న ఫోనుకు కాకుండా ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులోని ఫోనుకు చేసి అడగాలి. ఉత్తరం జీమెయిల్ నుంచి వచ్చి, డబ్బు కట్టేటప్పుడు యూపీఐలో కంపెనీ పేరు బదులు ఎవరో మనిషి పేరు పడితే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

అసలు పని ఇచ్చేవాడి మాట తీరే వేరుగా ఉంటుంది. విజయవాడ ఏలూరు రోడ్డు పబ్లిషరైనా, హైదరాబాదు వెబ్‌సైటైనా ముందు పని గురించి అడుగుతాడు: టైపు అను ఫాంటులో కావాలా యూనికోడా, పుస్తకం సైజు డెమ్మీయా క్రౌనా, ఎన్ని పేజీలు, ఎన్ని ప్రూఫులు, ఎప్పటికి. నీ పాత రాతలు చూపించమంటాడు, రేటు దగ్గర బేరమాడతాడు. తెలుగు కంటెంటుకు కొత్తవాళ్లకు మాటకు పైసల్లోనే లెక్క, అది చేదైనా నిజం. ఆధార్ కంటే ముందు నీ వాక్యం చూస్తాడు. దొంగకు నీ వాక్యంతో పనిలేదు, "మీరు సెలెక్టయ్యారు" అంటాడు.

శాంపిల్ దగ్గర కూడా జాగ్రత్త. వెయ్యి మాటల వ్యాసం టెస్టుగా రాయమని పదిమందికి పది అంశాలిచ్చి, అవన్నీ సైటులో పెట్టుకుని ఎవరికీ పనివ్వని ఘనులున్నారు. 200 మాటలకు మించి ఉచితంగా రాయమాక. పేరు వేసి పీడీఎఫ్‌గా పంపు. మొదటి పని చిన్నది ఒప్పుకో, దాని డబ్బు వచ్చాకే రెండోది మొదలుపెట్టు.

ఒక మాట మర్చిపోయేదాన్ని. "మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి, నెలకు ఇంత" అంటే అది రాతపనికి సంబంధించింది కానే కాదు. వేరేవాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు నీ ఖాతాలోంచి తిప్పుతారు. ఖాతా స్తంభించేది నీది, పోలీసులు వచ్చేది నీ ఇంటికి.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలు అంత ఎక్కువ. చేతిలో ఉండాల్సినవి: నీ బ్యాంకు పేరు, ఎంత, ఎన్ని గంటలకు, యూపీఐ లావాదేవీలో కనిపించే 12 అంకెల నంబరు, డబ్బు వెళ్లిన ఐడీ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు రాసిపెట్టుకో. బ్యాంకుకూ చెప్పు. కోపంతో చాట్ చెరిపెయ్యమాక, సాక్ష్యం అదే. కొన్నాళ్లకు "పోయిన డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఇంకొకడు వస్తాడు. వాడికి నీ నంబరు ఎక్కడ దొరికిందో ఊహించుకో.

ఏమీ కట్టలేదంటే పని తేలిక. నీకు మెసేజి పంపిన నంబరుకు జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్లు దాచుకుని, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైటులో చక్షు అనే చోట దాన్ని రిపోర్టు చేసి, బ్లాక్ చెయ్యి. ఆధార్ బొమ్మ ఇప్పటికే పంపావేమో నాకు రాయి. పంపి ఉంటే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకో, నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలోనే చూసుకో. తెలియనిది కనిపిస్తే "నాది కాదు" అని అక్కడే నొక్కొచ్చు.

మీ పెద్దమ్మ