కాలువ తీయని మున్సిపాలిటీకి ఇంటి పన్ను కట్టాలా?

ప్రశ్న: నెల్లూరు జిల్లాలోని ఒక మున్సిపాలిటీలో మాకు సొంత ఇల్లు ఉంది. రెండేళ్లుగా మా వీధి కాలువలో పూడిక తీయడం లేదు. గట్టి వాన పడితే మురుగు వాకిట్లోకి వస్తోంది. అడిగితే ‘నిధుల్లేవు’ అంటారు, లేదంటే ‘కాలువ మీద అందరూ ర్యాంపులు కట్టుకున్నారు, ఎట్లా తీసేది?’ అంటారు. విసిగిపోయి పోయిన ఏడాది నుంచి ఇంటి పన్ను ఆపేశాను. ఇప్పుడు డిమాండ్ నోటీసు వచ్చింది. పని చేయని వాళ్లకు పన్ను ఎందుకు కట్టాలి సార్? చట్టం నా వైపు లేదా?

జవాబు: కాలువ విషయంలో చట్టం మీ వైపే ఉంది. పన్ను విషయంలో లేదు. మీరు రెండు తగాదాలను ఒకటిగా ముడేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫలానా సేవకు ఇంత అని తీసుకునేది ఫీజు. పన్ను అలాంటిది కాదు, దానికి బదులుగా ఇంత సేవ చేయాలన్న లెక్క ఉండదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులోనే చెప్పింది. కాబట్టి ‘కాలువ తీయలేదు, పన్ను కట్టను’ అన్న వాదన కోర్టులో నిలబడదు. పైగా బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. మన భాషలో రెండు రూపాయల వడ్డీ! ఇంటి పన్ను బకాయి ఆ ఆస్తి మీదే మొదటి భారంగా ఉంటుంది. రేపు ఇల్లు అమ్మాలన్నా, లోను పెట్టాలన్నా ముందు అదే అడ్డొస్తుంది. మార్చి నెలాఖర్లో ఒక్కో ఏడాది వడ్డీ రాయితీ ఇస్తుంటారు గానీ, దాని కోసం కాచుక్కూర్చోవద్దు. కట్టేయండి. కట్టిన రోజే ‘పన్ను చెల్లించాను, కాలువ ఫిర్యాదు అలాగే ఉంది’ అని రాసి, రశీదు జిరాక్సు జతచేసి ఆఫీసు టపాల్లో ఇవ్వండి. మీ కాపీ మీద తేదీ ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా బయటికి రావద్దు. నా దగ్గరికి వచ్చే పది మందిలో ఎనిమిది మంది ‘చాలాసార్లు చెప్పాం సార్’ అంటారే తప్ప ఒక్క కాగితం చూపించరు.

ఇక కాలువ సంగతి. పూడిక తీయించే పనికి మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి ఉంటారు. అర్జీ మొదట అక్కడ, తర్వాత కమిషనర్‌కు. అక్కడా కదలకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్ తిక్కన ప్రాంగణంలో అర్జీలు తీసుకుంటారు. దాంతోపాటు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. ‘ఎందుకు తీయలేదు?’ అని అడిగితే డొంకతిరుగుడు జవాబు వస్తుంది. ఇలా అడగండి: ‘మా వీధి కాలువలో గత రెండేళ్లలో ఏయే తేదీల్లో పూడిక తీశారు? ఎంత ఖర్చు రాశారు? ఆ పనికి సంబంధించిన ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకలు ఇవ్వండి.’ 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తీయని కాలువకు బిల్లు రాసుకుని ఉంటే ఆ ఎం-బుక్కులోనే దొరికిపోతారు.

నిధుల్లేవన్న మాటకు 1980లోనే సమాధానం వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో 12వ వార్డు వాళ్లు మురుగు భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మేజిస్ట్రేట్ ఇచ్చిన ఆదేశం మీద అక్కడి మున్సిపాలిటీ డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం ఆ సాకు చెల్లదంది. ఆ మేజిస్ట్రేట్ వాడిన సీఆర్పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133వ సెక్షనే, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత)లో ఇప్పుడు 152. దాని కింద మీ ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆయన ఆదేశం ఇవ్వగలరు. మీ వీధి వాళ్లు ఐదారుగురు కలిసి సంతకాలు చేస్తే ఇంకా బలం.

పారిశుద్ధ్యం ప్రజోపయోగ సేవల్లో ఒకటి కాబట్టి శాశ్వత లోక్ అదాలత్‌కూ వెళ్లొచ్చు. కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే తీర్పు కూడా వాళ్లే ఇస్తారు. ఎలా వెళ్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు చెబుతారు. హైకోర్టు రిట్ ఎప్పుడూ ఉంది గానీ, చేతిలో ఇన్‌వర్డ్ నంబర్లు లేకుండా అంత దూరం వెళ్లి లాభం లేదు.

ర్యాంపుల మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. 152 కింద వచ్చే ఆదేశం మున్సిపాలిటీ ఒక్కదానికే కాదు, కాలువను మూసేసిన ప్రతి ఇంటికీ రావచ్చు. కాబట్టి ఆర్డీవో దగ్గరికి వెళ్లేముందు మీ గేటు ముందున్న ర్యాంపు కాలువ మీదికి ఎంత వచ్చిందో ఒకసారి టేపు పెట్టి చూసుకోండి.